ముగ్గురు కొంటామన్నప్పుడు ఇల్లు ఎవరికి ఇవ్వాలి?

(మొదటిసారి ఇల్లు అమ్ముకుంటున్నవారి కోసం విశాఖపట్నం సీతమ్మధారలో ఒక ఆదివారం సాయంత్రం, ఆస్తి వ్యవహారాలు చూసే న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా అండీ? సరే.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది స్టీల్‌ప్లాంటులోనో, పోర్టులోనో, డాక్‌యార్డులోనో పనిచేసి రిటైరైనవాళ్ళు. జీవితంలో ఒక్క ఇల్లు కొనుక్కున్నారు. కొనడం ఎలాగో తెలుసు, అమ్మడం తెలీదు. తెలియకపోవడం తప్పు కాదు. ఎప్పుడూ చేయని పని ఎలా తెలుస్తుంది? పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, లేదంటే నాన్నగారి ఇల్లు అన్నదమ్ములు పంచుకోవాలి. ఏదో ఒక అవసరం వచ్చి అమ్ముతున్నారు.

ఇదివరకు అమ్మకానికి పెడితే కొనే పార్టీ ఒక్కటి వస్తే చాలని నెలల తరబడి చూసేవాళ్ళం. ఇప్పుడు ఊళ్ళో గాలి వేరు. భోగాపురం విమానాశ్రయం అంటున్నారు, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటరు ప్రకటన వచ్చింది. కాగితాలు శుభ్రంగా ఉన్న ఫ్లాటుకి ఇద్దరు ముగ్గురు ఒకేసారి వస్తున్నారు. సంతోషమే. కానీ అమ్మేవాళ్ళు చిక్కుల్లో పడి నా దగ్గరికి వచ్చేది ఎప్పుడో తెలుసా? కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు కాదు, ముగ్గురు ఉన్నప్పుడు. ఒక్కడే ఉంటే జాగ్రత్తగా ఉంటాం. ముగ్గురు ఉంటే ధైర్యం వచ్చేస్తుంది, ఒకరి దగ్గర టోకెన్ అని కాస్త డబ్బు పుచ్చుకుంటాం, ఇంకొకరికి మాట ఇస్తాం, మూడోవాడు ఎంతంటాడో చూద్దాం అంటాం. అక్కడ మొదలవుతుంది.

అందుకని ఈ రోజు ఒక్క విషయమే చెప్తాను, చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తాను. మీరు ఎంచుకోవాల్సింది అంకెని కాదు, రిజిస్ట్రేషన్ రోజు దాకా వచ్చి బ్యాలెన్స్ కట్టే మనిషిని. పార్టీ నోటితో చెప్పిన ధరకీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీరు వేలిముద్ర వేసే రోజుకీ మధ్య రెండు నెలలో మూడు నెలలో ఉంటాయి. ఆ మూడు నెలలు దాటి వచ్చేది ఎవరు? ప్రశ్న అది. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు జీతం ఒక్కటే అడిగి ఊరుకుంటామా? ఊరుకోం కదా.

అంకెలతో చూద్దాం, లేకపోతే గాలి మాటలా ఉంటుంది. ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాటు ఉందనుకోండి. ఇది కేవలం ఉదాహరణ, ఎవరిదీ కాదు. ముగ్గురు వచ్చారు. మొదటి పార్టీ 92 లక్షలు అన్నారు, బ్యాంకు లోను మీద. రెండో పార్టీ 88 అన్నారు, పెందుర్తి దగ్గర స్థలం అమ్మిన డబ్బు ఖాతాలో ఉంది, 45 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం అన్నారు. మూడో పార్టీ 97 అన్నారు, కానీ డాక్యుమెంటులో 60 రాసి మిగతా 37 లక్షలు చేతికి ఇస్తాం అన్నారు. ఇంటికి వెళ్ళి ఎవరిని అడిగినా 97 అనే అంటారు. మీరేమంటారు?

ముందు మొదటి పార్టీ సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు. 92లో 80 శాతం అంటే 73 లక్షల 60 వేలు. మిగతా 18 లక్షల 40 వేలు ఆయన సొంతంగా తేవాలి. అంతేనా? కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చులుంటాయి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి ఏడున్నర శాతం. 92 లక్షల మీద 6 లక్షల 90 వేలు. విలువ కట్టేటప్పుడు బ్యాంకు ఈ ఖర్చుల్ని లెక్కలో వేసుకోదు. అంటే ఆయన చేతిలో 25 లక్షల 30 వేలు ఉండాలి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. బ్యాంకు మీ ధరని చూడదు, ఇంటి విలువ కట్టడానికి తను పంపే వాల్యుయేటరు రాసిన విలువని చూస్తుంది. ఆ వాల్యుయేటరు వచ్చి 82 లక్షలే అని రాశాడనుకోండి. లోను 65 లక్షల 60 వేలకి దిగిపోతుంది. అప్పుడు ఆయన సొంత డబ్బు 33 లక్షల 30 వేలు కావాలి. ఒక్క కాగితంతో 8 లక్షల తేడా! ఆ 8 లక్షలు ఆయన దగ్గర ఉన్నాయా? లేకపోతే మీ దగ్గరికి వచ్చి ఏమంటారు? "బ్యాంకువాళ్ళు ఒప్పుకోలేదండీ, కాస్త తగ్గించండి" అంటారు. అప్పటికి రెండు నెలలు గడిచిపోయాయి, రెండో పార్టీ ఇంకెక్కడో కొనుక్కుని గృహప్రవేశం కూడా చేసేశాడు.

అలాగని లోను పార్టీని తీసిపారేయమని నేను అనడం లేదు. ఉద్యోగస్తుడు లోను లేకుండా ఇల్లు ఎక్కడ కొంటాడు? మనమూ అలాగే కొన్నాం కదా. అడగవలసింది అడగండి. లోను మంజూరైందని బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటరు ఉందా? ఉంటే ఎంతకి? మీ సొంత డబ్బు ఎంత, అది ఇప్పుడు చేతిలో ఉందా, లేక ఏదో అమ్మితే రావాలా? వాల్యుయేషన్ తక్కువొస్తే తేడా మీరు పెట్టుకుంటారా? ఇవి అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. "మనల్ని నమ్మట్లేదా అనుకుంటారేమో" అంటారు. మీ జీవితకాలం సంపాదనండీ అది. మర్యాదగా అడిగితే నిజంగా కొనేవాడు మర్యాదగానే చెప్తాడు. విసుక్కున్నాడా, అది కూడా మీకు ఒక సమాధానమే. ఆయన శాంక్షన్ చూపించి, 30 లక్షలు పైన చేతిలో ఉన్నాయని చూపిస్తే 92కే ఇవ్వండి. 4 లక్షలు చిన్న మొత్తం కాదు. చూపించలేకపోతే నా ఓటు 88కే.

ఇక 97 లక్షలు. ఇది కాస్త గట్టిగా చెప్పాలి. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెప్తోంది. అడ్వాన్సుకి కూడా అదే రూలు, తర్వాత అమ్మకం జరిగినా జరగకపోయినా. పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా వేయొచ్చు. 37 లక్షలు తీసుకుంటే 37 లక్షలు. జరిమానా ఎవరి మీద? ఇచ్చినవాడి మీద కాదు, తీసుకున్న మీ మీద. అమ్మిన తర్వాత కూడా ఆ డబ్బు మీకు ఎందుకు పనికొస్తుంది? బ్యాంకులో వేయలేరు, అమ్మాయికి అమెరికా పంపలేరు. దాంతో ఇంకో ఇల్లు కొనాలంటే మళ్ళీ నల్లడబ్బు తీసుకునే అమ్మకందారునే వెతుక్కోవాలి. ఇంకో మాట. రిజిస్ట్రేషన్ రోజు ఆ 37లో 10 తగ్గించి తెచ్చాడనుకోండి. ఎవరికి చెప్పుకుంటారు? డాక్యుమెంటులో 60 అని మీరే సంతకం పెట్టారు. కోర్టుకి వెళ్ళి ఏమని అడుగుతారు?

"మేడం, ఊళ్ళో అందరూ ఇలాగే చేస్తారు" అంటారు బ్రోకర్లు. అందరూ చేయరు. ఇల్లు ఇల్లంతా చెక్కులో అమ్మి ప్రశాంతంగా ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, నాకు తెలుసు. పన్ను భయంతోనే చాలామంది దీనికి ఒప్పుకుంటారు, కాబట్టి పన్ను సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రెండేళ్ళు దాటి మీ దగ్గరున్న ఇల్లయితే, లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్నదయితే, దేశంలో ఉంటున్నవాళ్ళకి ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణాన్ని బట్టి పెంచి, 20 శాతం పద్ధతి ప్రకారం లెక్కేసుకుని, తక్కువ వచ్చేదే కట్టే వీలుంది. ఆ లాభంతో రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొంటే, లేదా మూడేళ్ళలో కట్టుకుంటే మినహాయింపు ఉంది. మీ ఆడిటరు దగ్గర ఒక గంట కూర్చుంటే, భయపడినంత పన్ను రాకపోవచ్చు కూడా. ఆ గంట, పార్టీలు రాకముందే కూర్చోండి. చేతికి ఎంత మిగులుతుందో తెలియకుండా ఎవరి ధర మంచిదో ఎలా చెప్తారు?

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు మీకివ్వాల్సిన దాంట్లోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కట్ చేసుకుని ప్రభుత్వానికి కడతారు. 92 లక్షలకి 92 వేలు. అది మోసం కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. ఇంటి ఓనరు విదేశాల్లో ఉంటే మాత్రం ఈ ఒక శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ కట్ అవుతుంది. అలాంటివాళ్ళు ముందే ఆడిటర్ని కలవాలి.

ఇప్పుడు కాగితాలు. ఇది పార్టీలకి సంబంధం లేని విషయం అనుకోకండి, చాలా సంబంధం ఉంది. కాగితాలు చూడకముందు చెప్పిన ధర ధరే కాదు. లాయరుకి చూపించాక ఎంత నిలబడుతుందో అదే ధర. కాబట్టి పార్టీలు రాకముందే ఒక ఫైలు కట్టండి. మీ డాక్యుమెంటు, మీకంటే ముందు ఆ ఆస్తి చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపించే ఈసీ, ప్లాను, మున్సిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ) ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు, అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్ బాకీ లేదన్న కాగితం. మూడు పార్టీలకీ అదే ఫైలు, ఒకే రోజు. లోపం ఉంటే లోపం కూడా అందరికీ ఒకేసారి చెప్పండి. బాల్కనీ మూసి గది చేశారా? చెప్పండి. దాచిపెడితే ఎక్కువ ధర చెప్పినవాడి లాయరే ముందు పట్టుకుంటాడు, అప్పుడు బేరం మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి మీరు కింద ఉంటారు.

మన ఊరికే ఉన్న ఒక సంగతి. సింహాచలం పంచగ్రామాల సమస్య, అంటే దేవస్థానం భూముల్లో ఉన్న ఇళ్ళ హక్కుల గొడవ, మీ అందరికీ తెలిసిందే. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకోజీపాలెం. ఆ చుట్టుపక్కల ఇల్లున్నవాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది ధర కాదు, మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో. జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు, ఎంతమంది వచ్చి ఎంత చెప్పినా ఒకటే. తెలిసి అడ్వాన్సు తీసుకోవడం తప్పు.

ఇంటి మీద మీకే లోను ఉందా? అప్పుడు ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులో ఉంటాయి. ఆ సంగతి కూడా ముందే అందరికీ చెప్పండి. కొనేవాడి చెక్కుతోనే లోను తీర్చే పద్ధతి ఉంది, బ్యాంకులు రోజూ చేస్తూనే ఉంటాయి. లోను తీరాక 30 రోజుల్లో డాక్యుమెంట్లు తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు పరిహారం. తేదీలు రాసుకునేటప్పుడు ఈ 30 రోజులు గుర్తు పెట్టుకోండి. అలాగే మూఢం, ఆషాఢం. మీకు పట్టింపు లేకపోవచ్చు, వాళ్ళకుంటుంది. "తప్పకుండా కొంటామండీ, మూఢం వెళ్ళాక" అంటే ఎన్ని రోజులో పంచాంగం చూసి లెక్కపెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇంట్లో ఒక్కరే మాట్లాడండి. ఒక్కరే! భర్త 90 అంటాడు, భార్య బంధువుల ద్వారా వచ్చినవాళ్ళకి 86కి ఇచ్చేస్తాం అంటుంది, అమెరికాలో ఉన్న తమ్ముడు వాట్సాప్‌లో కోటికి తక్కువైతే నేను సంతకం పెట్టనంటాడు. పార్టీలకి ఇవన్నీ తెలిసిపోతాయి. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే వాటా ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి, ఆడపిల్లలతో సహా. విదేశంలో ఉన్నవాళ్ళు తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇస్తూ అక్కడి మన కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. అది రావడానికే వారాలు పడుతుంది. కాబట్టి బోర్డు పెట్టకముందే కుటుంబమంతా కూర్చుని, ఇంతకి తక్కువైతే అమ్మం అనే అంకె ఒకటి తేల్చుకోండి. ఆ అంకె ఇంటి గడప దాటకూడదు.

సరే, ముగ్గురు వచ్చారు, ఫైలు చూశారు. ఇప్పుడు ఏం చేయాలి? గడువు పెట్టండి. "వచ్చే ఆదివారం సాయంత్రం దాకా మీ చివరి మాట చెప్పండి. ధర, అడ్వాన్సు ఎంత, బ్యాలెన్స్ ఏ తేదీకి, లోను ఎంత, ఇవి వాట్సాప్‌లో రాసి పంపండి" అని ముగ్గురికీ ఒకే మాట. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకండి. "వేరేవాళ్ళు కూడా చూస్తున్నారు" అని చెప్పొచ్చు, అది నిజం కాబట్టి. కానీ లేని పార్టీని ఉన్నట్టు చెప్పకండి. "గాజువాక నుంచి ఒకాయన కోటి ఇస్తానన్నాడు" అని ఊరికే అంటే, "అయితే ఆయనకే ఇచ్చుకోండి" అని లేచి వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళని మళ్ళీ పిలిస్తే ధర ఎటు పోతుందో మీకు తెలుసు. అంతకంటే పెద్ద మాట, మన ఇంట్లో రేపు బతకబోయేవాళ్ళతో అబద్ధంతో ఎందుకు మొదలుపెట్టాలి?

బ్రోకర్ల దగ్గర ఒక జాగ్రత్త. ఒకే పార్టీని ఇద్దరు బ్రోకర్లు తెస్తారు, చివర్లో ఇద్దరూ కమిషన్ అడుగుతారు. ఇల్లు చూపించకముందే ఎవరు ఎవరిని తెచ్చారో పేరు రాసుకోండి. కమిషన్ ఎంతో, ఎప్పుడు ఇస్తారో ముందే తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇస్తాం అనండి.

టోకెన్. అమ్మా, అయ్యా, ఇది దయచేసి వినండి. నిర్ణయం అయ్యేదాకా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి పుచ్చుకోకండి. సాయంత్రం వస్తారు, పళ్ళు తెస్తారు, "శుభంగా ఉంటుంది, పదకొండు వేలు ఉంచండి" అని చేతిలో పెడతారు. మొహమాటానికి తీసుకుంటాం. ఒక తెల్ల కాగితం మీద ఇంటి వివరం, ధర, పుచ్చుకున్న మొత్తం రాసి సంతకం పెడతాం. ఆ చీటీయే ఒప్పందం అని రేపు కోర్టులో వాదించొచ్చు. పళ్ళు తీసుకోండి, డబ్బు తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. అగ్రిమెంటు రాశాం, 10 లక్షలు అడ్వాన్సు చెక్కు పుచ్చుకున్నాం. ఆ తర్వాత నాలుగో పార్టీ వచ్చి 10 లక్షలు ఎక్కువిస్తానన్నాడు. మార్చుకోవచ్చా?

వద్దు. "అడ్వాన్సుకి రెట్టింపు ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అనే నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. సరిపోదండీ. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోనే ఉంది, ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని రాసుకున్నా సరే, ఆ మొత్తం ఒప్పందానికి భద్రతగా రాసిందే అయితే, ఇల్లే ఇప్పించమని కోర్టు చెప్పొచ్చు. 2018లో ఆ చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఇల్లు ఇప్పించాలా, నష్టపరిహారంతో సరిపెట్టాలా అన్నది చాలావరకు కోర్టు విచక్షణలో ఉండేది. ఇప్పుడు కొనేవాడు డబ్బుతో సిద్ధంగా ఉన్నానని చూపిస్తే, చట్టంలో చెప్పిన కొద్ది మినహాయింపులు తప్ప, ఇల్లు రాసివ్వమనడమే నియమం. గడువు తేదీ నుంచి మూడేళ్ళ దాకా ఆయన దావా వేయొచ్చు. దావా పడిందంటే, మీ నాలుగో పార్టీకి ఏ బ్యాంకు లోను ఇస్తుంది?

"మా అగ్రిమెంటు రిజిస్టరు చేయించలేదు కదా" అంటారు. మన రాష్ట్రంలో అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయించాలన్న నియమం 1999 సవరణతో వచ్చింది, చాలామంది పాటించరు. కానీ రిజిస్టరు కాని ఒప్పందాన్ని కూడా ఈ దావాలో సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. కాబట్టి అది తప్పించుకునే దారి కాదు.

మరి అగ్రిమెంటు మిమ్మల్ని మాత్రమే కట్టేయాలా? అక్కర్లేదు. గడువు తేదీ స్పష్టంగా రాయండి. స్థిరాస్తి ఒప్పందాల్లో మామూలుగా కోర్టులు గడువుని అంత కచ్చితంగా పట్టించుకోవు, అందుకే ఈ గడువు ముఖ్యం అని విడిగా రాయించాలి. గడువు దాటితే ఏమవుతుంది, అడ్వాన్సులో ఎంత ఉంచుకుంటారు, ఎంత తిరిగిస్తారు, ఎన్ని రోజుల్లో, అన్నీ రాయాలి. న్యాయమైన మొత్తమే రాయండి, అన్యాయంగా రాస్తే కోర్టులో నిలబడదు. లోను రాకపోతే ఏం చేయాలో కూడా రాయండి. వాల్యుయేషన్ తగ్గితే తేడా ఎవరు పెట్టుకోవాలో కూడా. ఇంకోటి, బ్యాలెన్స్ మొత్తం ఖాతాలో పడేదాకా, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా తాళాలు ఇవ్వకండి. "పాలు పొంగించుకుంటాం, మంచిరోజు పోతుంది" అని అడుగుతారు. జాలేస్తుంది, నాకూ తెలుసు. కానీ ఒప్పందం మీద ఇంట్లోకి వచ్చినవాళ్ళకి చట్టంలో కొంత రక్షణ ఉంది, తర్వాత బయటికి పంపడం మాటలతో అయ్యే పని కాదు.

చివరిగా, ఇల్లు దక్కని ఇద్దరి సంగతి. వాళ్ళని ఊరికే వదిలేస్తాం, ఫోను ఎత్తం. అది సరికాదు. వాళ్ళు కూడా ఇంట్లో పిల్లలకి చెప్పుకుని ఉంటారు, ఈ గది నీకు, ఆ గది నాకు అని. నిర్ణయం అయిన రోజే ఫోను చేసి చెప్పండి. "వేరేవాళ్ళతో అగ్రిమెంటు రాసుకుంటున్నామండీ, ఏదైనా కారణం వల్ల అది ఆగితే ముందు మీకే చెప్తాం, అప్పటిదాకా మీకు నచ్చింది దొరికితే మాకోసం ఆగకండి" అనండి. డబ్బు తీసుకోకండి, మాట ఇవ్వకండి, ఇంతే చెప్పండి. మొదటి పార్టీ లోను నిజంగా ఆగిపోయిందనుకోండి, ఒప్పందం రద్దయినట్టు ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం, అగ్రిమెంటు రిజిస్టరు చేసి ఉంటే రద్దు డాక్యుమెంటు, అడ్వాన్సు తిరిగిచ్చిన బ్యాంకు రుజువు, ఇవి చేతిలోకి వచ్చాకే రెండో పార్టీకి ఫోను చేయండి. ముందు చేయకండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ఎడమ పక్క బల్ల దగ్గరికి రండి, ఈసీ ఎలా చదవాలో మా జూనియర్లు చూపిస్తారు. మిగతావాళ్ళు ప్రశ్నలు అడగండి. ఏమ్మా, మీరేదో అడగాలంటున్నారు, మైకు అటు ఇవ్వండి.